సమ్మతి సంకేతం

ప్రతి విడుదలకూ ముందు స్వరూప హన్మకొండలో బస్సెక్కి నర్సంపేటలో ఉన్న వాళ్లన్న ఇంటికి వెళ్తుంది. ఆరేళ్లుగా ఆమెకు అదొక అలవాటు. అరవై వేలమంది తలల్లో పనిచేస్తున్న ఒక సాఫ్ట్‌వేర్‌కు మరమ్మతులు చేసి, సరిచూసి, విడుదల చేసే బాధ్యత ఆమెది. ఏ మరమ్మతైనా మొదట ఎక్కేది మాత్రం వాళ్లన్న సమ్మయ్య చెవి వెనకే.

సమ్మయ్య ఆర్టీసీలో ఇరవై ఏడేళ్లు కండక్టరుగా చేశాడు. ఆయన "రైట్" అంటే బస్సు కదలడమే కాదు, బస్టాండంతా ఉలిక్కిపడేదని జనం నవ్వుకునేవారు. యాభై నాలుగో ఏట పక్షవాతం వచ్చి కుడిచేయి, మాట ఒకేసారి పడిపోయాయి. చేయి కొంచెం కోలుకుంది. మాట తిరిగి రాలేదు. పెదవులు వంకరగా కదిలేవి గాని వాటి మీద మాట రూపు కట్టేది కాదు.

అప్పుడే "పలుకు" వచ్చింది. పుర్రె ఎముక కింద గోరంత పలక ఒకటి, చెవి వెనక అతుక్కునే చిన్న స్పీకరు ఒకటి. మనిషి మాట్లాడదామనుకున్నప్పుడు మెదడులో మెదిలే మాటను ఆ పలక పట్టుకుంటుంది, స్పీకరు పైకి అంటుంది. పాత పెళ్లి వీడియోల్లోంచి సమ్మయ్య గొంతును ఏరి అందులో పెట్టారు. ఆసుపత్రి మంచం మీద ఆయన మొదట అన్న మాట, "కనకా, ఆకలైతున్నది." కనకలక్ష్మి గిన్నె పట్టుకుని నిలబడే ఏడ్చింది.

రెండేళ్లకే ఆ పరికరాన్ని తయారుచేసిన కంపెనీ మూతబడింది. పోతూ పోతూ తన ప్రోగ్రాం మొత్తాన్ని అందరికీ తెరిచి పెట్టి పోయింది. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. దేశదేశాల వాళ్లు తలా ఒక చేయి వేసి దాన్ని బతికించుకుంటూ వచ్చారు. కొత్త హంగులన్నీ కొత్త వరుసలోకి పోతాయి. దాన్ని నడిపేది నైరోబీలో ఉండే వాంబూయి. పాత పలకలున్న వాళ్లకోసం ఇంకో వరుస ఉంది, దానికి నిలకడ వరుస అని పేరు. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పే స్వరూప ఆ వరుసకు కాపరి. ఆ వరుసకు ఒకటే ధర్మం. కొత్తది చేర్చకు, చెడినదాన్ని బాగుచెయ్, బాగున్నదాన్ని ముట్టుకోకు.

ఆ ఆదివారం ఆమె తెచ్చిన కాపీలో పదకొండు మరమ్మతులున్నాయి. పది చిన్నవి. పదకొండోది వాంబూయి కొత్త వరుసలో రాసినది. దాన్ని పాత పలకలకు సరిపడేలా కత్తిరించి కుట్టడానికి స్వరూపకు మూడు వారాలు పట్టింది. "పలుకు"లో ఒక లోపముంది. అప్పుడప్పుడు అది మనిషి అందామనుకున్న మాటనే కాదు, మనసులో అనుకుని ఊరుకున్న మాటను కూడా పైకి అనేస్తుంది. ఆ పనిచేసేవాళ్లు దాన్ని జారుడు అనేవాళ్లు. ఒక మాట మనసులో పుట్టడానికీ, దాన్ని అనాలని మనిషి ఒప్పుకోవడానికీ మధ్య రెప్పపాటు ఎడం ఉంటుందనీ, ఆ ఒప్పుకోలు మెదడులో మరో చోట చిన్న మెరుపులా కనబడుతుందనీ వాంబూయి కనిపెట్టింది. దానికి సమ్మతి సంకేతమని పేరు పెట్టింది. ఆ మెరుపు కనబడేదాకా మాటను ఆపి ఉంచడమే పదకొండో మరమ్మతు.

"ఏందే, ఈసారి గింత సేపు పట్టింది?" అన్నాడు సమ్మయ్య, చెల్లెలు ఫోను మీద వేళ్లాడిస్తుంటే.

"అయిపోయిందన్నా. ఇగో, ఇప్పుడు మాట్లాడు."

సమ్మయ్య ఆమె వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. పెదవులు కదిలాయి. మళ్లీ కదిలాయి. ఎడమచేయి గాలిలోకి లేచింది, కళ్లు పెద్దవయ్యాయి. వంటింటి గుమ్మంలో నిలబడ్డ కనకలక్ష్మి చేతిలోంచి చాట జారి బియ్యం నేలంతా పడ్డాయి.

"అన్నా, మాట్లాడుతున్నవా? మాట్లాడు!"

స్పీకరు ఉలకలేదు, పలకలేదు. స్వరూప ఫోనులో సంకేతాల గీతలు చూసింది. మాటలు పుడుతున్నాయి, గుంపులు గుంపులుగా పుడుతున్నాయి. సమ్మతి గీత మాత్రం చదునుగా, చెరువు నీళ్లలా పడి ఉంది. ఏ చోట ఆ మెరుపు రావాలో ఆ చోటే పక్షవాతంలో దెబ్బతిన్నదని ఆమెకు అప్పుడర్థమైంది. వెంటనే పాత కాపీని తిరిగి ఎక్కించింది.

"నాకు చెవుడొచ్చిందేమో అనుకున్న చెల్లె," అన్నాడు సమ్మయ్య, మాట తిరిగి రాగానే. "నేను అంటున్న, నాకే ఇనబడతలేదు."

"ఏం కాలేదన్నా. ఫోన్ల చిన్న తకరారు," అంది స్వరూప.

*

మర్నాడు కాలేజీ ల్యాబులో కూర్చుని ఆమె తన నిర్ణయం రాసి పెట్టింది. "పదకొండో మరమ్మతును తీసుకోవడం లేదు. పాత వినియోగదారుల్లో కొందరి మాట పూర్తిగా ఆగిపోతుంది." అంతే రాసింది. రాసినదాంట్లో అబద్ధం లేదు. నిలకడ వరుస ధర్మం ప్రకారం ఆ ఒక్క కారణం చాలు.

వాంబూయి అడిగింది, "ఎంతమందికి ఆగిపోతుంది? ఎవరి పలకలో చూశావు?"

"ఆ చోట దెబ్బ తగిలిన వాళ్లందరికీ. రెండు వందలమంది ఉండవచ్చు. ఒక పరీక్షకుడి దగ్గర చూశాను."

ఆ పరీక్షకుడు తన అన్న అని మాత్రం స్వరూప రాయలేదు. పది మరమ్మతులతో విడుదల వెళ్లిపోయింది. అరవై వేలమంది పలకల్లోకి అది నిశ్శబ్దంగా చేరింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. నిలకడ వరుసలో మంచి విడుదల అంటే అదే, వచ్చినట్టు ఎవరికీ తెలియకపోవడం.

నెల తిరిగేసరికి పెరూ దేశంలో ఒక కొండ ఊరి పంతులమ్మ నుంచి ఉత్తరం వచ్చింది. తరగతిలో ఒక పిల్ల లెక్క చేయలేక బోర్డు ముందు నిలబడితే, "పర్వాలేదు, ఇంకోసారి చూడు" అందామనుకున్నదట. దానికంటే ముందు "దీనివల్ల కాదు" అని స్పీకరు అనేసిందట. "అలసిపోయినప్పుడు ఎవరి మనసులోనైనా అలాంటి మాట మెదులుతుంది. మెదిలి పోతుంది. నాది పోలేదు. ఆ పిల్ల బడి మానేసింది. మూడుసార్లు వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీయలేదు. దీన్ని ఎప్పుడు బాగుచేస్తారు?" అని రాసింది.

ఆ మధ్యాహ్నమే వాంబూయి ఫోన్ చేసింది. పిల్లలు భోజనాలకు వెళ్లారు, ల్యాబులో ఫ్యాన్ల చప్పుడు తప్ప మరేమీ లేదు.

"ఇది ఇరవై మూడో ఫిర్యాదు. మందు నా దగ్గరుంది, నీ చేతిలో పెట్టాను. నువ్వు గుప్పిట మూసుకున్నావు."

"రెండు వందలమంది నోరు మూసుకుపోతుంది వాంబూయి. ఎవరికీ నష్టం చేయకూడదన్నది మన మొదటి నియమం."

"ఆ పంతులమ్మకు జరిగింది నష్టం కాదా? మాట ఆగిపోతేనే నష్టమని నీకెవరు చెప్పారు?"

స్వరూపకు నిబంధనల్లో తన పక్షాన ఉన్న వాక్యాలు వరుసగా గుర్తొస్తున్నాయి. ఒక్కటీ నోటిదాకా రాలేదు.

*

కనకలక్ష్మి ఎప్పుడూ ఫోన్ చేసే మనిషి కాదు. ఆ గురువారం చేసింది. "స్వరూపా, ఓపాలి వచ్చిపో" అని మాత్రమే అంది.

స్వరూప వెళ్లేసరికి సమ్మయ్య పెరట్లో మంచం మీద కూర్చుని చిక్కుడు పాదు వైపు చూస్తున్నాడు. చెవి వెనక స్పీకరు లేదు. చొక్కా జేబులో ఉంది. చెల్లెల్ని చూసి తలూపాడు, నవ్వాడు, జేబులోంచి మాత్రం తీయలేదు.

"గట్లనే ఉంటున్నడు," అంది కనకలక్ష్మి, ఆడబిడ్డను వంటింట్లోకి తీసుకుపోయి. "తినేటప్పుడు తీస్తడు. ఎవలన్న వస్తే తీస్తడు. నువ్వు వచ్చే దినం పెట్టుకుంటడు. నీకు చెప్పొద్దన్నడు."

"ఎప్పటిసంది వదినా?"

"ఏడాది దాటింది. యాదగిరి వచ్చిపోయిన కాడినుంచి."

యాదగిరి డ్రైవరు. పంతొమ్మిదేళ్లు సమ్మయ్యా ఆయనా ఒకే బస్సు మీద చేశారు. సమ్మయ్యకు మాట పడిపోయిన కొత్తలో రోజూ వచ్చి కూర్చుని, డిపో ముచ్చట్లన్నీ ఒక్కడే చెప్పి పోయేవాడు. తన భార్య కామెర్లతో చనిపోయిన నెలకు వచ్చాడట. ఆమెను తలుచుకుని ఏడ్చాడట. సమ్మయ్య ఎడమచేత్తో ఆయన వీపు నిమురుతున్నాడు. అప్పుడు స్పీకరు, సమ్మయ్య గొంతుతోనే, "నువ్వు సక్కగ చూస్కోలే" అంది.

"ఆ మాట ఇని ఈయన నోరు నొక్కుకుండు. నోరు నొక్కితే ఏమున్నది, మాట వచ్చేది చెవెనకాలనుంచాయె," అంది కనకలక్ష్మి. "యాదగిరి ఏమనలే. చెప్పులేసుకొని పోయిండు. మళ్ల రాలే."

స్వరూప పొయ్యి పక్కన గోడకానుకుని నిలబడింది. వాళ్లన్న మాట కాపాడుతున్నాననుకుని ఆమె ఆ మరమ్మతును తిప్పికొట్టింది. అప్పటికే ఏడాదిగా ఆయన ఆ మాటను జేబులో వేసుకుని తిరుగుతున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"నువ్వు దానికోసం గింత కష్టపడుతున్నవాయె. నా చెల్లె నోరిచ్చింది, దాన్ని తప్పు పట్టొద్దంటడు."

*

తిరిగి వస్తూ బస్సులోనే ఆమె ఉత్తరం రాసింది. ప్రాజెక్టులో పనిచేసే అందరికీ కనబడేచోట పెట్టింది. "ఆ మరమ్మతుతో మాట ఆగిపోయిన పరీక్షకుడు మా అన్న. ఆ సంగతి మొదటే చెప్పవలసింది, చెప్పలేదు. నియమం ప్రకారం తిప్పికొట్టానని రాశాను. అన్న గొంతు వినబడకుండా పోతుందన్న భయంతో తిప్పికొట్టాను. కాపరి అలా చేయకూడదు. నన్ను తప్పించాలనుకుంటే తప్పించండి."

సాయంత్రానికి వాంబూయి రెండు ముక్కలు రాసింది. "తప్పుకుంటే ఈ పని ఎవరు పూర్తి చేస్తారు? కూర్చో, పని చేద్దాం."

పని మూడు నెలలు పట్టింది. వాళ్లిద్దరూ కలిసి ఆలోచించింది ఇది. కొత్త విడుదల పలకలోకి చేరిన తర్వాత పది రోజులు ఏమీ మార్చదు, ఊరికే గమనిస్తుంది. సమ్మతి మెరుపు కనబడిన వాళ్లకు జారుడును ఆపేస్తుంది. కనబడని వాళ్ల జోలికి పోదు. వాళ్ల ఫోనులో ఒక ప్రశ్న వేసి ఊరుకుంటుంది. మాట ఉండాలా, ఆగాలా? ఏది ఎంచుకున్నా ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు. నిలకడ వరుసలో కొత్త ప్రశ్న చేర్చడం ధర్మానికి విరుద్ధమని ఇద్దరు పాత సభ్యులు గట్టిగా వాదించారు. వాళ్లన్నది తప్పు కాదు. అడగకుండా నిర్ణయించడం అంతకంటే పెద్ద తప్పని స్వరూప రాసింది. ఒకాయన ఆ వాదన తర్వాత ప్రాజెక్టు వదిలి వెళ్లిపోయాడు. ఆయన వేసిన పాత మరమ్మతులు ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

ఆ మూడు నెలల్లో ఇంకో తొమ్మిది ఫిర్యాదులు వచ్చాయి. ఒక్కొక్కటి చదివి స్వరూప తనే జవాబు రాసేది. తొందరపడి సగం చూసిన మరమ్మతును అన్ని వేలమంది తలల్లోకి పంపలేనని రాసేది. రాసిన ప్రతిసారీ అది నిజమేనా, మళ్లీ సాకా అని తనను తాను ప్రశ్నించుకునేది.

ప్రశ్న వాక్యాన్ని తెలుగులో ఆమే రాసింది. పద్నాలుగుసార్లు తిరగరాసింది. చివరికి ఇలా మిగిలింది: "మీరు అనాలనుకున్న మాటకూ, అనుకుని ఊరుకున్న మాటకూ తేడా ఈ పరికరం కనిపెట్టలేకపోతున్నది. ఇకముందు కూడా మీ తరఫున మాట్లాడమంటారా?"

*

విడుదలైన పదకొండో రోజు పొద్దున సమ్మయ్య ఫోనులో ఆ ప్రశ్న వచ్చింది. ఆయన చెల్లెలికి కబురు పంపాడు. స్వరూప సెలవు పెట్టి వెళ్లింది. సమ్మయ్య స్పీకరు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"ఇది నువ్వు రాసిందేనా?" అన్నాడు ఫోను చూపిస్తూ.

"నేనేనన్నా."

"మంచిగ రాసినవ్. చదువంగనే సమజైంది."

"అన్నా, ఉండనియ్. ఇంకో రెండేండ్లకో మూడేండ్లకో వేరే తొవ్వ దొరకచ్చు. వాంబూయి చూస్తాంది. అందాక..."

"చెల్లె, నీ రూలేంది? పాతోళ్లకు నష్టం కావద్దనేగదా?"

"అవు."

"నష్టమేదో ఎవలు చెప్పాలె? నువ్వా, నేనా?"

స్వరూప అరుగు మీద ఆయన పక్కన కూర్చుంది.

"మనిషికి లోపట ఒక అర్ర ఉంటది. ఎవలు రాని అర్ర. అండ్ల చెత్త ఉంటది, మంచి ఉంటది. నాకు ఆ అర్రకు తలుపు లేకుంటైంది," అన్నాడు సమ్మయ్య. కాస్త ఆగి, "నీ మీద కోపం సుత..." అంది స్పీకరు. ఆయన వెంటనే ఎడమచేత్తో దాన్ని మూసుకున్నాడు.

"ఉన్నదా?" అంది స్వరూప.

ఆయన చేయి తీశాడు. "ఉన్నది. కొంచెం. అందామనుకోలే. సూసినవా మరి?"

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన లేచి చెప్పులేసుకున్నాడు. "పా. యాదగిరి ఇంటికి పోదాం. పని ఉన్నది."

యాదగిరి ఇల్లు రెండు సందుల అవతల. తలుపు తీసి, వచ్చిందెవరో చూసి, ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. తర్వాత పక్కకు తప్పుకుని కుర్చీ జరిపాడు. మనిషి చిక్కిపోయాడు. గోడ మీద భార్య ఫొటోకు దండ తాజాగా ఉంది. స్వరూప గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"యాదగిరీ," అన్నాడు సమ్మయ్య. "ఇది ఏం వాగుతదో నాకే తెల్వది. అయినా పెట్టుకొనే వచ్చిన."

యాదగిరి తల దించుకున్నాడు.

"అప్పుడు నేను గట్ల అనుకున్నది నిజమే. లేదని చెప్ప. దావఖానకు జెర ముందుగాల తీస్కపోతే బతుకుండెనేమో అని మనసుల వచ్చింది. అనుకున్నదానికి మాఫీ అడుగుతలేను. అన్నదానికి అడుగుతున్న. అది అనే మాట కాదు."

సమ్మయ్య వేళ్లు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. మనసులో ఏ మాటా పుట్టకుండా పట్టుకున్నట్టు ఉంది ఆయన ముఖం. ఈ ఒక్క గడియ, ఈ ఒక్క గడియ మాత్రం జారకు అని స్వరూప తను రాసిన ప్రోగ్రాంనే వేడుకుంది.

"నేను రోజు అదే అనుకుంట సమ్మయ్యా," అన్నాడు యాదగిరి చివరికి. "పండుకుంటే అదే, లేస్తే అదే. లోకంల అందరు నీ తప్పేం లేదన్నరు. నువ్వొక్కనివే... గందుకే నీ మొహం చూడలేకపోయిన. కోపంతోని కాదు."

సమ్మయ్య కుర్చీలోంచి లేవబోయాడు, కుడికాలు సహకరించలేదు. యాదగిరే లేచి వచ్చి భుజం పట్టుకున్నాడు. స్పీకరు ఏదో అంది. రెండు మాటలే. అందామని అన్నవో, జారినవో గాని స్వరూపకు వినబడలేదు. యాదగిరికి వినబడ్డాయి. ఆయన తలూపాడు.

ఇంటికి రాగానే సమ్మయ్య ఫోనులో ఆ ప్రశ్న తీసి, మాట ఆపే జవాబు మీదికి ఎడమ బొటనవేలు ఎత్తాడు. కనకలక్ష్మి పరుగున వచ్చింది.

"వద్దయ్యా. అది ఏమన్న ఇంట, తిట్టినా ఇంట. ఇంట్ల సప్పుడుండాలె. ముప్పై ఏండ్లు నీ గొంతు ఇన్నదాన్ని నేను గమ్మునెట్లుంట?"

"నువ్వింటవు కనకా. నువ్వు ఇనుడే నాకు భయం," అన్నాడు సమ్మయ్య.

కనకలక్ష్మి ఆయన చేయి పట్టుకుని ఆపలేదు. ముఖం తిప్పుకుంది. ఆయన కాసేపు ఆమె వీపు వైపు చూసి, నొక్కాడు.

*

ఎంతమందికి ఆ ప్రశ్న వెళ్లిందో ఎవరికీ తెలియదు. "పలుకు" ఎవరి సంగతీ ఎక్కడికీ మోసుకుపోదు. తమకు వచ్చిందని తామే రాసిన వాళ్లు ఎనభై నాలుగుమంది. వాళ్లలో అరవై ఒక్కరు మాటను ఉంచుకున్నారు. తప్పో ఒప్పో మాటే కావాలన్నారు. ఇరవై ముగ్గురు ఆపుకున్నారు. పంతులమ్మ పలకలో సమ్మతి మెరుపు దొరికింది, జారుడు ఆగింది. ఆ పిల్ల మాత్రం ఇంకా బడికి రాలేదని రాసింది. స్వరూప ఆ ఉత్తరాన్ని చాలా రోజులు జవాబు రాయకుండా ఉంచుకుంది.

ఆ తర్వాతి విడుదల కాపీ తయారైనప్పుడు ఆమె దాన్ని వేరే పరీక్షకుడికి పంపింది. నర్సంపేటకు మాత్రం ఊరికే వెళ్లింది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మొదటి నెలంతా కనకలక్ష్మి సరిగా మాట్లాడలేదనీ, టీవీ పెద్దగా పెట్టుకుని కూర్చునేదనీ ఆమెకు తెలుసు. ఆ తప్పు తనదేనా కాదా అన్నది స్వరూపకు ఇప్పటికీ తేలలేదు. అరుగు మీద యాదగిరి కూర్చుని డిపోలో కొత్త మేనేజరు గురించి చెబుతున్నాడు, సమ్మయ్య వింటున్నాడు. కనకలక్ష్మి చాయ్ తెచ్చి అందరికీ ఇచ్చింది. మొగుడికి గ్లాసు అందిస్తుంటే ఆయన తల కొంచెం పైకెత్తి పెదవులు కదిపాడు. వంకరగా, చప్పుడు లేకుండా. స్వరూపకు అది గాలి మింగినట్టే కనబడింది.

కనకలక్ష్మి ఆయన నోటి వైపే చూసింది. ఒక్క క్షణం తర్వాత ముఖమంతా ఎర్రబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది.

"ఏమన్నడు వదినా?" అంది స్వరూప.

"నీకెందుకే," అంది కనకలక్ష్మి. "నాతోనన్నడు."